పెద్దామె గదికి వెచ్చని నేల

ఒమాన్ అంటే ఎండలే అనుకుని వచ్చినదాన్ని నేను. కడప నుంచి బయల్దేరేటప్పుడు పెట్టెలో నూలు చీరలు, నైటీలు తప్ప ఇంకేం పెట్టుకోలేదు. మొదటి రెండేళ్లు మస్కట్ పక్కన సీబ్‌లో ఒక ఇంట్లో వంటా, ఇంటిపనీ చేశాను. ఆ రెండేళ్లూ నా అంచనా తప్పలేదు. నవంబరులో కూడా ఫ్యాను కింద పడుకున్నాను.

తొంభైల మొదట్లో, చలికాలం మొదలవుతుండగా ఆ ఇంటి యజమాని నన్ను పిలిచి, వాళ్ళమ్మ దగ్గర ఉండటానికి కొండమీదికి పోతావా అని అడిగాడు. ఆమెకి డెబ్బై దాటాయి. మోకాళ్ళ నొప్పులకి మస్కట్‌లో వైద్యం చేయించుకుని, కొడుకు ఎంత చెప్పినా వినకుండా జబల్ అఖ్దర్ మీదున్న తన ఊరికి వెళ్ళిపోయింది. తోడు ఒక మనిషి కావాలి. అక్కడ వంట తక్కువ, మాటలు ఎక్కువ అన్నాడు. అప్పటికి నాకు అరబ్బీ బాగానే పట్టుబడింది. సరే అన్నాను.

అప్పట్లో ఆ కొండకి తారురోడ్డు లేదు. చెక్‌పోస్టు దగ్గర కాగితాలు చూపించి, రాళ్ళదారిలో పెద్ద జీపు ఊగుతా ఎక్కుతుంటే నేను కళ్ళు మూసుకుని కూర్చున్నాను. పైన బండి దిగి, చెప్పులు విడిచి, ఆ ఇంటి గడప దాటాను. అరికాళ్ళకి ఐసుగడ్డ తగిలినట్టయింది. చాప మీదికి గెంతాను. చాప కూడా అలాగే ఉంది.

పెద్దామె గోడకి ఆనుకుని కూర్చుని నా గెంతు చూసి పకపకా నవ్వింది. తర్వాత తన ఉన్ని మేజోళ్ళు విప్పి నా ముందు పడేసింది. వేసుకునేదాకా ఊరుకోలేదు. గల్ఫులో ఇంటి ఆడమనిషిని మామా అని పిలుస్తాం. మన భాషలో ఆ మాట ఇంకొకరిదని నాకు మొదట్లో నవ్వొచ్చేది. ఆమె నన్ను బింతీ అనేది. నా కూతురా అని.

ఆ ఇల్లు ఎప్పటిదో. మట్టితో పేర్చిన రాతిగోడలు, అడ్డంగా చెట్టుమాన్ల దూలాలు, కింద అలికిన నేల. ఆ నేల నేరుగా కొండరాయి మీదే ఉంది. ఆమె నమాజు చేసేది నేల మీద, తినేది నేల మీద, వచ్చినవాళ్ళతో మాట్లాడేది నేల మీద. కుర్చీలో కూర్చోమంటే, కుర్చీ ఆసుపత్రిలో వస్తువు అనేది. నేలలోంచి చలి ఎక్కి మోకాళ్ళు పట్టేసేవి. కుంపటి పెడితే పొగకి దగ్గు. పొద్దున లేచాక ఆమె కాళ్ళు నా ఒళ్ళో పెట్టుకుని అరగంట రుద్దితే గాని లేచి నిలబడలేకపోయేది.

కొడుకు ఊరుకోలేదు. పాత ఇంటికి ముప్పై అడుగుల దూరంలో కొత్త ఇల్లు కట్టించాడు. ఆయన చదువుకున్న చలిదేశంలో నేల కింద గొట్టాలు పరిచి వాటిలో వేడినీళ్ళు పారిస్తారట. గది గదంతా కాళ్ళకింద నుంచి వెచ్చబడుతుందట. అమ్మకోసం ఆ గొట్టాలన్నీ తెప్పించి, పాలరాయి కింద పరిపించాడు. నేను వెళ్ళేసరికి రాళ్ళు పరవడం అయిపోయింది. గ్యాసుతో నీళ్ళు కాచే బాయిలర్ బిగించి నడిపించడమే మిగిలింది. ఆ పనికి మస్కట్ కంపెనీ నుంచి ఒక ఫిట్టరు, ఇద్దరు మేస్త్రీలు వచ్చారు.

ఫిట్టరు నలభై ఏళ్ళ మనిషి. మేస్త్రీలతో ఉర్దూలో మాట్లాడుతుంటే హైదరాబాదతను కాబోలు అనుకున్నాను. రెండో రోజు పొద్దున మా వంటింటి పక్కన కాలవలో చేతులు కడుక్కోబోయాడు. కొండమీద ఊట నుంచి వచ్చే నీళ్ళ కాలవ అది. ఫలజ్ అంటారు. చేతులు పెట్టీ పెట్టగానే, "ఓయమ్మా, ఇదేం సలిరా సామీ, ఏళ్ళు ఊడిపోయేటట్టుండాయే," అన్నాడు.

నేను రొట్టె పెనం మీదే వదిలేసి బయటికి పరిగెత్తాను. రెండేళ్ళలో మా యాస వినడం అదే మొదటిసారి.

"ఏ ఊరన్నా నీది?"

అతను తడిచేతులతో అట్లనే నిలబడిపోయాడు. "కడప టౌనేక్కా. నువ్వు?"

మా ఊరికీ అతని వీధికీ బస్సులో గంట. ఇంట్లో ఉర్దూ, బజారులో తెలుగూ మాట్లాడుతూ పెరిగాడు. ఆ రోజు రొట్టె మాడిపోయింది. పెద్దామె వాసన పట్టి, ఆ మనిషి మీ వాళ్ళా అని అడిగింది. మా వాళ్ళే అన్నాను. అయితే అతనికి మాడని రొట్టె పంపు అంది.

ఫిట్టరన్న ఆరేళ్ళు సోహార్ వైపు పైపులైన్ల పని చేసి, ఆ మధ్యే ఈ కంపెనీకి మారాడట. మస్కట్ దగ్గర మబేలాలో ఒకే రూములో ఏడుగురు ఉంటారు. వాళ్ళల్లో ముగ్గురు ఏసీ మెకానిక్కులు. కొండమీద ఒక ఇంట్లో నేలకి వేడి పెట్టడానికి పోతాండానని చెప్తే, ఒకడు లేచి వచ్చి ఇతని నుదుటి మీద చెయ్యి పెట్టి జ్వరం చూశాడట. అది చెప్పి తనే నవ్వాడు. అతనికీ ఈ పని కొత్తే. గొట్టాలతో పాటు ఒక పుస్తకం వచ్చింది. అందులో భాష ఎవరికీ రాదు. బొమ్మలు చూసి చేస్తున్నాడు.

బాయిలర్ వెలిగించిన మూడో రోజుకి కొత్త ఇంట్లో గదులు వెచ్చబడ్డాయి. హాలు మాత్రం సగమే. తలుపు వైపు బాగుంది, కిటికీ వైపు రాయి రాయిలాగే ఉంది. ఇత్తడి గొట్టానికి వరుసగా వాల్వులు ఉంటాయి. ఒక్కో వాల్వు నేల కింది ఒక్కో గొట్టం చుట్టకి నీళ్ళు వదులుతుంది. ఫిట్టరన్న వాటిని తిప్పుతా, మీటర్లు చూస్తా రెండు రోజులు అక్కడే కూర్చున్నాడు. అన్నీ బాగానే చూపిస్తున్నాయి. తప్పెక్కడో తెలియాలంటే పాలరాయి పగలగొట్టాల్సిందేనేమో అని మేస్త్రీలతో అంటుంటే విన్నాను. మొహం వాడిపోయింది.

మర్నాడు పొద్దున హాలు తుడవడానికి వెళ్ళాను. మాపు కర్ర ఉంది గాని నాకు వంగి గుడ్డతో తుడిస్తేనే తృప్తి. తలుపు నుంచి కిటికీ దాకా తుడిచి, బకెట్టు ఎత్తుకుని వెనక్కి తిరిగాను. నేల మీద గీతలు కనబడ్డాయి. తడి అంతటా ఒకేసారి ఆరడం లేదు. జానెడు దూరానికొకటి చొప్పున సన్నని పొడి చారలు వస్తున్నాయి. కింద గొట్టం ఎటుపోతే పైన చార అటు పోతోంది. అదలా వచ్చి వచ్చి హాలు మధ్యలో ఒకచోట ఆగిపోయింది. అవతల అంతా తడే.

ఫిట్టరన్నని కేకేశాను. అతను చెప్పులతోనే లోపలికొచ్చి, గుమ్మంలోనే ఆగి, మళ్ళీ చెప్పులు బయట విడిచొచ్చాడు. గొంతుకూర్చుని ఆ చారలు చూశాడు. వేలితో ఒకదాని వెంబడే పోయి ఆగినచోట ఆగాడు.

"మళ్ళీ తుడుచక్కా," అన్నాడు.

మళ్ళీ తుడిచాను. మళ్ళీ అక్కడే ఆగింది. అవతలి చుట్ట ఒక్కటి మొత్తం చల్లగా ఉందని తేలిపోయింది. మధ్యలో పగిలి ఉంటే నీళ్ళు ఊరేవి. ఊరలేదు కాబట్టి ఆ చుట్టలో గాలి పట్టి నీళ్ళు కదలడం లేదని అతను తేల్చుకున్నాడు. తక్కిన వాల్వులన్నీ మూసి, ఆ ఒక్కదాన్నే తెరిచి, నీళ్ళు గట్టిగా తోశాడు. రెండో చివర నుంచి బుస్సుమని గాలి వచ్చింది. తర్వాత చాలాసేపు ముసలాయన దగ్గినట్టు దగ్గి దగ్గి, చివరికి నీళ్ళు ధారగా పడ్డాయి. మధ్యాహ్నం నేను మూడోసారి తుడిచాను. కిటికీ కిందదాకా చారలు పరిగెత్తాయి. పాలరాయి పగలగొట్టే పని తప్పింది. ఆ తర్వాత ప్రతి గదీ నా చేత తుడిపించి చూసుకునేవాడు. "మీటర్లు అబద్ధం చెప్తాయి గాని నీ గుడ్డ చెప్పదక్కా," అనేవాడు.

ఇక పెద్దామెని తీసుకురావడమే. కొడుకు సీబ్ నుంచి వచ్చి, చెయ్యి పట్టుకుని నడిపించాడు. ఆమె మేజోళ్ళు విప్పి పాలరాయి మీద పాదం మోపింది. కళ్ళు పెద్దవయ్యాయి. రెండో పాదం మోపింది. అక్కడే నమాజు చేసుకుంది, నేల మీద కాళ్ళు చాపుకుని వాళ్ళ ఏలకుల కాఫీ కహ్వా తాగింది, ఖర్జూరాలు తింది. మేం అందరం ఒకరి మొహాలు ఒకరం చూసుకుంటున్నాం. కప్పు కింద పెట్టి, లేపమని నాకు చెయ్యి అందించి, తన ఇంటికి నడిచింది.

కొడుకు వెంటపడ్డాడు. ఏం నచ్చలేదమ్మా అన్నాడు. అన్నీ నచ్చాయి అంది. మరెందుకు పోతున్నావు అన్నాడు. ఆమె తన గదిలో గోడకానుకుని కూర్చున్నాక, తన కిటికీలోంచి బయటికి చూపించింది. మెట్లు మెట్లుగా దిగే దానిమ్మ తోటలు, వాటికి నీళ్ళు మళ్ళే చోటు అక్కడ నుంచే కనబడతాయి. ఎవరి వంతు నీళ్ళు ఎప్పుడు మళ్ళాయో, ఎవరు దొంగతనంగా ఒక గుప్పెడు మట్టి పక్కకి లాగారో యాభై ఏళ్ళుగా ఆమె ఆ కిటికీలోంచే చూస్తోంది. ఊళ్ళో నీళ్ళ తగాదా వస్తే ముందు ఆమెని అడుగుతారు. కొత్త ఇంటి కిటికీలోంచి కార్లు ఆపే స్థలం కనబడుతుంది.

"నేను ఆ నేల దగ్గరికి రాను. ఆ నేలనే ఇక్కడికి తీసుకురండి," అంది.

కొడుకు కుదరదన్నాడు. పాత గోడలు, కింద తవ్వితే కదులుతాయన్నాడు. ఆమె కొడుకు వైపు చూడలేదు. గుమ్మంలో నిలబడ్డ ఫిట్టరన్న వైపు చూసింది. ఆ మనిషిని అడుగు బింతీ అంది నాతో. నేను తెలుగులో అడిగాను.

అతను లోపలికొచ్చి, గోడ మొదట్లో మేకుతో గుచ్చి చూశాడు. గడప నుంచి తలుపు అడుగు దాకా జానతో కొలిచాడు. ఒక రోజు టైం ఇమ్మను అన్నాడు. మర్నాడు వచ్చి, చేస్తాను గాని గోడకి మూరెడు వదిలి తవ్వుతాను, ఎక్కువ లోతు పోను, ఆ గది ఒక్కటే చేస్తాను అన్నాడు. మిగిలిన గొట్టం చుట్ట ఆ గదికి సరిపోతుంది. కొత్త ఇంటి బాయిలరే దీనికీ వేడినీళ్ళు పంపుతుంది. కొడుకు చాలాసేపు ఆలోచించి ఒప్పుకున్నాడు.

పెద్దామె సామాను కొత్త ఇంటికి మార్చాం. ఆమె మాత్రం పగలంతా పాత ఇంటి గుమ్మం ముందు ఎండలో, ఆసుపత్రి వస్తువని తిట్టిన ఆ కుర్చీలోనే కూర్చుని, చేతికర్రతో పని చూసుకునేది. రెండో రోజే చిక్కు వచ్చింది. తలుపు వైపు బెత్తెడు తవ్వగానే కొండరాయి తగిలింది. అక్కడ ఇక లోతు పోదు. కింద థర్మాకోలు, దానిమీద ప్లాస్టిక్కు, ఇనుప జాలీ, గొట్టాలు, పైన కాంక్రీటు, దానిమీద రాయి. అన్నీ వేస్తే నేల ఎత్తయి తలుపు తెరుచుకోదు. తలుపు అడుగు కోసేద్దామన్నాడు మేస్త్రీ. అది ఆమె పెళ్ళికి ముందు నుంచీ ఉన్న తలుపు. పువ్వులు చెక్కిన చెక్క. నేను ఆ మాట అరబ్బీలో చెప్పడానికి భయపడి నీళ్ళు నమిలాను.

ఆమె నా మొహం చూసి విషయం కనుక్కుంది. కోప్పడలేదు. లేచి లోపలికొచ్చి, గడప లోపల రెండు అడుగుల మేర కర్రతో గీత గీసింది. ఇక్కడ దాకా పాత నేలే ఉంచండి, జనం చెప్పులు విడిచేది ఇక్కడే, చెప్పులకి వెచ్చదనం ఎందుకు అంది. గీత దాటాక ఒక మెట్టు ఎక్కితే కొత్త నేల. తలుపు ఆ పల్లంలోనే తిరుగుతుంది. నేను తెలుగులో చెప్పడం పూర్తయ్యేలోపే ఫిట్టరన్న తల ఊపుతున్నాడు. "ఇన్ని దినాల నుంచి ఆ పుస్తకం తిప్పుతాండా. అందులో ఇది లేదు," అన్నాడు.

గొట్టాలు పరిచేటప్పుడు ఇంకా బాగుంది. అతను తెల్లగొట్టాన్ని వంచి జాలీకి కట్టుకుంటూ పోతుంటే, పెద్దామె ఈ నీళ్ళు ఎక్కడికి పోతాయని అడిగింది. గదంతా తిరిగి చల్లబడి వెనక్కి పోతాయన్నాడు. అయితే చివరి మడికి చల్లనీళ్ళేనా అంది. అది కాలవ నీళ్ళు చూసిన మనిషి అడిగే ప్రశ్న. ముందున్నవాడి తోటకి నిండుగా, చివరివాడి తోటకి అడుగూబొడుగూ. ఫిట్టరన్న కింద కూర్చుని, పోయే గొట్టం పక్కనే వచ్చే గొట్టం ఎలా పెడుతున్నాడో చూపించాడు. వేడిది ఒకటి, చల్లారింది ఒకటి, మళ్ళీ వేడిది ఒకటి. అన్నిచోట్లా సమానంగా పడుతుందన్నాడు. ఆమె ఆ వరసలన్నీ కర్రతో తాకి చూసింది. వాల్వుల ఇత్తడి గొట్టం చూపించి, వీడు నీళ్ళు పంచే పెద్దమనిషి అన్నమాట, వీడు నిజాయితీగా ఉంటే చాలు అంది. తన నమాజు చాప వేసుకునే చోట మాత్రం గొట్టాలు దగ్గర దగ్గరగా వేయించుకుంది. పంపకం నిజాయితీగా ఉండాలన్నావుగా మామా అన్నాను. ఆ చోట మోకాళ్ళు మోపేది నేను అంది.

కాంక్రీటు పోసే ముందు గొట్టాల్లో నీళ్ళు నింపి, చేతిపంపుతో ఒత్తిడి పెట్టి ఒక రోజంతా వదిలేశాడు. మర్నాడు మీటరు ముల్లు కదల్లేదు. ఆ ఒత్తిడి అలాగే ఉంచి పైన కాంక్రీటు పోశారు. అది పూర్తిగా గట్టిపడటానికి నాలుగు వారాలు ఆగాలి, తొందరపడి వేడి పెడితే పగుళ్ళు వస్తాయి అని చెప్పి, కొన్నాళ్ళాగి పైన రాయి పరిపించి, ఫిట్టరన్న కొండ దిగి వెళ్ళాడు.

ఆ నాలుగు వారాలు మేం కొత్త ఇంట్లో ఉన్నాం. అమ్మకి అలవాటైపోయిందని, ఇక్కడే ఉండిపోతుందని కొడుకు ఆశపడ్డాడు. ఆమె కాళ్ళ నొప్పులు తగ్గాయి కూడా. కానీ రోజూ పొద్దున కహ్వా తాగగానే నన్ను పంపేది. నేల ఎంతదాకా వచ్చిందో చూసి రా అనేది. కాంక్రీటు ఎక్కడికీ రాదు మామా, ఉన్నచోటే ఉంటుంది అంటే, అయినా చూసి రా అనేది. ఆ ఫిబ్రవరిలో కాలవ అంచుల వెంబడి పొద్దున్నే అద్దం పెంకుల్లా మంచు కట్టేది. నేను దాన్ని వేలితో విరిచి ఆమెకి తెచ్చి చూపించేదాన్ని. ఆమె చేతిలో అది కరిగేలోపు ఇద్దరం నవ్వుకునేవాళ్ళం.

ఫిట్టరన్న మేస్త్రీలతో మళ్ళీ వచ్చాడు. వేడి ఒక్కసారిగా పెట్టకూడదట. మొదటి రోజు గోరువెచ్చని నీళ్ళు, రెండో రోజు ఇంకాస్త. ఆమె గంటకోసారి వంగి అరచేయి ఆనించి, ఇంకా రాయే అనేది. మూడో రోజు నేను ఉత్తకాళ్ళతో నడిచి చూశాను. చల్లదనం పోయింది గాని వెచ్చదనం రాలేదు. ఆమె కంటే నాకే ఆత్రం ఎక్కువైంది. నాలుగో రోజు పొద్దున బకెట్టూ గుడ్డా పట్టుకుని వెళ్ళి, గదంతా తుడిచి, మెట్టు మీద కూర్చుని చూస్తున్నాను. చారలు వచ్చాయి. గోడ దగ్గర మొదలై లోపలికి తిరిగి, మళ్ళీ బయటికి వచ్చి, ఎక్కడా తెగకుండా. నమాజు చాప వేసే చోట దగ్గర దగ్గరగా.

నేను ఆమెని తీసుకొచ్చాను. ఆమె మెట్టెక్కి పాదాలు మోపి, అలాగే నిలబడింది. తర్వాత తన గోడ దగ్గర, తన కిటికీ పక్కన కూర్చుని కాళ్ళు చాపింది. కళ్ళల్లో నీళ్ళు తిరుగుతున్నాయి గాని మొహం నవ్వుతోంది. కొంతసేపయ్యాక కిటికీలోంచి బయటికి చూసి, మూడో మెట్టు తోటవాడు ఈ నెల రోజులూ తన వంతు దాటి నీళ్ళు మళ్ళించుకున్నట్టున్నాడు, వాడి మడులు అంత పచ్చగా ఎందుకున్నాయి అంది.

మధ్యాహ్నం అందరికీ ఆ గదిలోనే భోజనం. పెద్ద పళ్ళెంలో అన్నమూ మాంసమూ నేనే వండాను. పెద్దామె చెబితే అందులో కడప కారం కూడా వేశాను. ఫిట్టరన్న, ఇద్దరు మేస్త్రీలూ పళ్ళెం చుట్టూ కూర్చుని తిన్నారు. ఆ పనివాళ్ళెవరినీ అంతకుముందు ఏ ఇంట్లోనూ అలా లోపలికి పిలిచి కూర్చోబెట్టలేదట. తిన్నాక లేవబోతుంటే ఆమె లేవనివ్వలేదు. మీరు చేసిన నేల మీద మీరు పడుకోకపోతే ఎలా, పడుకోండి అంది.

వాళ్ళు సిగ్గుపడి ఒకరినొకరు చూసుకున్నారు. ముందు ఫిట్టరన్న వెల్లకిలా పడుకున్నాడు. "అక్కా, మా రూమోళ్ళు ఇప్పుడు సూడాల," అన్నాడు కళ్ళు మూసుకుని. మేస్త్రీలు కూడా పక్కనే ఒరిగారు. ఐదు నిమిషాల్లో ముగ్గురూ గురక. పెద్దామె తన కంబళి తీసి కప్పమంది. నేల వెచ్చగా ఉంటే కంబళి ఎందుకు మామా అన్నాను. పైనుంచి అమ్మ కప్పినట్టు ఉండాలి కదా అంది.

పక్కింటి ఆడవాళ్ళు ఇద్దరు ఖర్జూరాలతో వచ్చారు. ఆమె నోటి మీద వేలు పెట్టుకుని, చెప్పుల పల్లంలోంచి ఒక్కొక్కరినీ మెట్టెక్కించింది. వాళ్ళు చేతులతో నేల తడిమి, గుసగుసగా ఒకరికొకరు చెప్పుకుని, నిద్రపోతున్నవాళ్ళకి దూరంగా గోడ పక్కన చేరగిలబడ్డారు. అందరం గుసగుసల్లోనే మాట్లాడుకుంటూ కహ్వా తాగాం.

మూడు గంటలకి పనివాళ్ళని దింపడానికి కొండ కింద నిజ్వా ఊరి నుంచి డ్రైవరు బండి తెచ్చి గట్టిగా హారను కొట్టాడు. పెద్దామె కర్ర పట్టుకుని నాకంటే ముందు గుమ్మంలోకి వెళ్ళింది. వాళ్ళు పడుకున్నారు, నువ్వూ చెప్పులు విడిచి లోపలికి రా అంది. అతను ఒక కహ్వా తాగి లేపుతానన్నాడు. తాగాడు. రెండోది తాగాడు. గోడకి చేరబడి, కాళ్ళు చాపుకుని, ఒక చేత్తో నేల తడుముతూ ఇదెలా చేశారని నన్ను అడిగాడు. నేను ఫలజ్ కాలవతో పోల్చి చెప్పడం మొదలుపెట్టాను. చివరి మడి దాకా వచ్చేసరికి అతని తల గోడకి వాలిపోయింది.

ఆ రోజు ఎవరూ కొండ దిగలేదు.